తాళంచెవి మారలేదు!

తెలుగు మేష్టరుకు తెలుగు అక్షరమే అడ్డు తగిలిందంటే వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కాని ఆ మధ్య మా ఇంట్లో జరిగింది అక్షరాలా అదే.

ఆ రోజు రెండో శనివారం. కాలేజీకి సెలవు. సాయంత్రం 5 గంటలలోగా నా క్లాసు పిల్లలు 62 మంది ఇంటర్నల్ మార్కులు పంపి తీరాలి. గడువు దాటితే ఆ గడులు ఖాళీగా ఉండిపోతాయి. ఖాళీ గడి అంటే పిల్లవాడు పరీక్షే రాయనట్టు లెక్క. జవాబు పత్రాలు కాలేజీ బీరువాలో ఉన్నాయి. మార్కుల పట్టిక నా లాప్‌టాప్‌లో ఉంది.

3 గంటలకు నింపాదిగా కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. తప్పన్నది. మళ్ళీ కొట్టాను. తప్పే! మూడేళ్ళుగా వేళ్ళకు అలవాటైన మాట అది. కళ్ళు మూసుకుని కొట్టినా తప్పేది కాదు.

అప్పుడు గుర్తుకొచ్చింది, ముందు రోజు సాయంత్రం మా అమ్మాయి దాని ముందు కూర్చున్న సంగతి. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను.

"పాస్‌వర్డ్ మార్చావా?" అన్నాను.

"లేదు నాన్నా."

"అబద్ధాలు కూడా నేర్చావన్నమాట!"

అది మారు పలకలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "పిల్లను అనేముందు కాస్త ఆలోచించవద్దూ?" అంది. ఆ గ్లాసు పెట్టిన చప్పుడులోనే సగం చీవాట్లు ఉన్నాయి.

చేసేదిలేక, మా కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మిత్రుడికి ఫోను చేశాను. ఆయన అంతా విని, "మేష్టారూ, ముందు క్యాప్స్ లాక్ పడిందేమో చూడండి" అన్నాడు. పడలేదు. "కొన్ని చిన్న లాప్‌టాపుల్లో నమ్ లాక్ పడితే కుడివైపు అక్షరాలు అంకెలైపోతాయి." అదీ కాదు. "అయితే పాస్‌వర్డ్ కొట్టాక గడి చివర కన్ను బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కి పట్టుకుని చూడండి."

చూశాను. చుక్కల చాటునుంచి బయటపడినవి ఇంగ్లీషు అక్షరాలు కావు. ర, క, ప... అచ్చమైన తెలుగు అక్షరాలు!

అప్పటికి గాని అసలు సంగతి తలకెక్కలేదు. ముందు రోజు రాత్రి అమ్మాయి లేచాక, తెరిచి ఉన్న ఆ యంత్రంలోనే నేనొక వ్యాసం రాసుకున్నాను. మాటిమాటికీ భాష మార్చడం ఎందుకని ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డును మొదటిదిగా పెట్టుకున్నది సాక్షాత్తూ నేనే!

ఈ ఇన్‌స్క్రిప్ట్ మన భారతీయ భాషలకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన అమరిక. 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలోనూ ఉంది. ఎడమచేతి వైపు ముఖ్యంగా అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులూ ఉంటాయి. ఇంగ్లీషు 'కె' మీట నొక్కితే 'క' పడుతుంది గాని, ఆ పోలిక నమ్మి లాభం లేదు. 'హెచ్' నొక్కితే 'ప', 'జె' నొక్కితే 'ర'. పోనీ, 'కె'కీ 'క'కీ ఉచ్చారణ దగ్గరే గదా అంటే యంత్రం వినదు. దానికి చెవులు లేవు, అంకెలే ఉన్నాయి. యూనికోడ్‌లో చిన్న 'కె' సంఖ్య 107, మన 'క' సంఖ్య 3093. నేను ఇంటికి వచ్చి మరొకరి పేరు చెప్పి తలుపు తట్టినట్టయింది!

విండోస్ మీటా, స్పేస్ మీటా కలిపి నొక్కమన్నాడు మిత్రుడు. భాష ఇంగ్లీషుకు మారింది. పాస్‌వర్డ్ కొట్టగానే తలుపు తెరుచుకుంది. 4 గంటల 20 నిమిషాలకు మార్కులు వెళ్ళిపోయాయి.

ఇటువంటి చిక్కు మీ ఇంట్లోనూ రావచ్చు. అందుకని మిత్రుడు చెప్పిన మరి రెండు మాటలు. మీటలు బొత్తిగా పలకకపోతే, లాగిన్ తెర కుడివైపు అడుగున ఉన్న మనిషి బొమ్మ నొక్కి, తెరమీది కీబోర్డు తెప్పించుకుని మౌస్‌తో అక్షరాలు ఏరుకోవచ్చు. విడి కీబోర్డు తగిలించి చూడవచ్చు. అది పలికితే లోపం పాత మీటలదే. కుడి షిఫ్టు మీట మీద ఎనిమిది సెకండ్లు చేయి ఆనితే ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు మొదలుకావచ్చు. అప్పుడు చటుక్కున కొట్టిన అక్షరాలను యంత్రం లెక్కచేయదు. అన్నిటికన్నా ముఖ్యం, పదేపదే కొట్టి కాసేపు తాళం పడేదాకా తెచ్చుకోకూడదు.

ఇంతా అయ్యాక అమ్మాయి గదిలోకి వెళ్ళాను.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"పాత పాస్‌వర్డ్ తెలియందే కొత్తది మార్చడానికి వీలవుతుందా నాన్నా? నిన్న మీరే గదా తెరిచి ఇచ్చారు!"

నిజమే. యంత్రాన్ని పరీక్షించడానికి ఇన్ని ఉపాయాలు అడిగిన వాణ్ణి, పిల్ల మాట ఒక్క నిమిషం వినలేకపోయాను.

"అయితే క్షమాపణ రాసివ్వండి, ఆ తెలుగు కీబోర్డు మీదే!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

రాసిచ్చాను. అక్షరదోషాలు వెదికింది గాని, ఒక్కటీ దొరకలేదు.