గాజు లేని గొట్టం బొమ్మను ఎలా పెంచుతుంది?

తొలకరి వానకు బయటికొచ్చిన ఎర్రటి ఆరుద్ర పురుగును ఫొటో తీద్దామని కెమెరాతో మరీ దగ్గరికెళ్తే బొమ్మ మసకబారుతుంది. ఎందుకు? వస్తువు దగ్గరయ్యేకొద్దీ దాని ప్రతిబింబం లెన్స్‌కు ఇంకా వెనక ఏర్పడుతుంది, సెన్సర్‌ను దాటిపోతుంది. లెన్స్‌ను ముందుకు జరిపితే సరి. కానీ అది జరిగేది కొంతవరకే!

ఆ లోటు తీర్చేదే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఉత్త గొట్టం. లోపల గాజు ముక్కయినా ఉండదు. దూరానికి ఫోకస్ చేసిన 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. గొట్టం తగిలిస్తే సెన్సర్ మీద బొమ్మ అసలు పురుగులో సగం ఉంటుంది. 50 మి.మీ. గొట్టమైతే అచ్చంగా పురుగంత!

ఇదంతా ఊరికే రాదు. పురుగంత బొమ్మ పడేసరికి సెన్సర్‌కు అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. గొట్టం తీసేదాకా దూరపు కొండలు ఫోకస్‌కు రావు. అన్నిటికన్నా చిరాకు ఏమిటంటే, వీపు స్పష్టంగా ఉంటే కాళ్లు మసక. అందుకే ఫోకస్ రింగును తిప్పే బదులు కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. గాలికి గడ్డిపరక ఊగుతుంటే మాత్రం ఆగాల్సిందే.