యాపారం నేర్పాలంటె ముందుగాల సార్లే నేర్వాలె

పోయిన నెల ఒక డిగ్రీ కాలేజీకి రమ్మంటె పోయిన. ఏ ఊరు, ఏ కాలేజి అనేది వద్దు, మన జిల్లాలల్ల గసొంటియి మస్తున్నయ్. బీకాం ఫైనలియర్ పిల్లలకు ఆంట్రప్రెన్యూర్‌షిప్ క్లాసు నడుస్తున్నది. నేను ఎనుక బెంచీల కూసున్న. సారు బోర్డు మీద డెఫినిషన్ రాసిండు. దాని కింద మంచి ఆంట్రప్రెన్యూర్‌కు ఉండాల్సిన గుణాలు అని 11 పాయింట్లు నంబర్లేసి రాసిండు. పిల్లలు దించుకుంటున్నరు. గప్పుడు ఒక చెల్లె లేసి నిలవడి అడిగింది: "సార్, మా అమ్మ అంగడిల కూరగాయలు అమ్ముతది. ఆమె ఆంట్రప్రెన్యూరేనా?"

సారు జర ఆగిండు. "అది చిల్లర యాపారం అమ్మా, మన సిలబస్‌ల ఉన్నది వేరే" అన్నడు. చెల్లె కూసున్నది. మల్ల ఇంకేం అడగలే.

క్లాసైనంక చాయ్ తాగుకుంట సారు నాతోని ఉన్నదున్నట్టు చెప్పిండు. "అన్నా, నేను ఎంకాం చేసిన, నెట్ పాసైన. నా జన్మల పది రూపాయల సరుకు అమ్మలే. ఈ పేపర్ సిలబస్‌ల వచ్చింది, నువ్వే చెప్పాలె అన్నరు. ఐదు రోజుల ట్రైనింగ్‌కు తోలిండ్రు. అండ్ల గూడ పీపీటీలే సూపెట్టిండ్రు. అవే తెచ్చి పిల్లలకు చెప్తున్న."

నేనీ సారును తప్పువడ్తలేను. ఆయన కాంట్రాక్టు మీద పనిజేస్తుండు. యూనివర్సిటీలల్ల, కాలేజీలల్ల పోస్టులు ఏండ్లకేండ్లు ఖాళీగ వెట్టి, ఉన్నోళ్ల నెత్తి మీద ఇంకో పేపర్ వెడితె ఆయన మాత్రం ఏం జేస్తడు? కని ఒక్క ముచ్చట ఆలోచించుండ్రి. మనం బాయిల ఈత నేర్సుకున్నోళ్లం. మన నడుముకు బెండు గట్టి దింపినోడు ఈత వచ్చినోడే. ఈత రానోడు గడ్డ మీద నిలవడి పాయింట్లు చెప్తె పోరడు మునుగుతడు.

మునిగినోడు చెప్తుండు

గా మునుగుడేందో నాకెరుకే. 2011ల నేను పేపర్ ప్లేట్ల మిషన్ తెచ్చిన. అమ్మినోడు "ముడిసరుకు మేమే ఇస్తం, తయారైన ప్లేట్లు మేమే తిరిగి కొంటం" అన్నడు. లక్షా 80 వేలు వెట్టిన. అండ్ల లక్ష మిత్తికి తెచ్చినయే. ఒకాయన ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చిండు, మూడేండ్ల లాభం అండ్ల లెక్కగట్టి ఉన్నది. గా కాయితాన్ని దేవుని పటమోలె దాసుకున్న. మూడు నెలలకు అమ్మినోని ఫోను బందైంది. ప్లేట్లు ఇంట్ల గుట్ట వడ్డయ్. మా మండలంల పెండ్లిళ్లకు ప్లేట్లు ఎవరు కొంటరు, ఎక్కడ కొంటరు, ఎంతకు కొంటరు అని మిషన్ తేకముందు ఒక్క టెంటుహౌసాయనను గూడ అడగలే. ఇంటామె పుస్తెలతాడు కుదువవెట్టి మిత్తి కట్టినం. బయటవడెటందుకు నాలుగేండ్లు వట్టింది.

నేను సోమరిని గాదు, ధైర్యం లేనోన్ని గాదు. బోర్డు మీద రాసే 11 గుణాలల్ల పది నాకున్నయ్. కొనెటోన్ని ముందుగాల అడగాలె అనే ఒక్క తెలివే లేకుండె. అది నాకు ఎవ్వలు నేర్పలే. గందుకే సార్లకు ఏం నేర్పుతున్నరు అనేది నాకు పట్టింపు. రేపు గా చెల్లె అప్పు తెచ్చి ఏదన్న పెడితె, గా అప్పు వెనుక సారు చెప్పిన పాఠం ఉంటది.

హైదరాబాద్‌ల 60 ఏండ్ల కిందనే చేసి సూపెట్టిండ్రు

యాపారం రక్తంల ఉండాలె, కులంల ఉండాలె, నేర్పితె రాదు అనేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. గీ మాటకు మన తాననే ఒక జవాబు దొరికింది. డేవిడ్ మెక్‌లెలాండ్ అని అమెరికాల హార్వర్డ్ యూనివర్సిటీల సైకాలజీ ప్రొఫెసర్ ఉండె. 1964ల కాకినాడకెళ్లి చిన్న యాపారస్తులను హైదరాబాద్‌ల చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి ట్రైనింగ్ ఇప్పిచ్చిండు. గప్పుడు దాన్ని సియెట్ అంటుండిరి. గదే సంస్థ ఇప్పుడు యూసుఫ్‌గూడల ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అనే పేరుతోని నడుస్తున్నది.

ఆయన ట్రైనింగ్‌ల ఆటలు గూడ ఉండె. అండ్ల ఒకటి రింగులాట. ఒక మేకు నిలవెడతరు, దాని మీద రింగు ఎయ్యాలె. ఎంత దూరంల నిలవడాలె అనేది నీ ఇష్టం. మరీ దగ్గర నిలవడ్డోనికి ప్రతిసారి వడ్తది, కని గెలిచినట్టు ఉండది. మరీ దూరం నిలవడ్డోడు అదృష్టం మీద ఆధారపడ్తడు. జర కష్టపడితె వడెటంత దూరంల నిలవడుడే తెలివి. ఆటైనంక "నువ్వు గాడ ఎందుకు నిలవడ్డవు?" అని మాట్లాడుకుంటరు. గా ముచ్చటల ఎవని గుణం వానికే కనవడ్తది. మన భాషల చెప్పాలంటె, గుడ్డిగ లక్ష మిత్తికి తెచ్చిన నేను మేకుకు ఎంతో దూరంల నిలవడ్డోన్ని.

తర్వాత వెంబడివడి చూస్తె, ట్రైనింగ్ తీసుకున్నోళ్లు తీసుకోనోళ్లకంటె ఎక్కువ చురుగ్గ కొత్త పనులు మొదలువెట్టిండ్రు. గీ సంగతంత మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969ల పుస్తకం వేసిండ్రు. అండ్ల లోపం గూడ ఉన్నది. మనిషి మనసు మారితె సాలు అన్నట్టు ఉంటది ఆయన లెక్క. పైస, భూమి, కులం, మార్కెట్ ఎవని చేతిల ఉన్నయ్ అనేది పక్కకు వోయింది. అయినా గా ప్రయోగంల మనం తీసుకోవాల్సిందొకటి ఉన్నది: యాపారం నేర్పొచ్చు, కని ఉపన్యాసంతోని గాదు, చేపిచ్చుడుతోని.

ఇంట్ల ఉన్నదానితోని వంట

ఇంకో మనిషి గురించి గూడ సార్లకు తెల్వాలె. సరస్ సరస్వతి అని భారత సంతతి ఆమె, అమెరికాల వర్జీనియా యూనివర్సిటీల ప్రొఫెసర్. ఏండ్ల అనుభవం ఉన్న 27 మంది యాపారస్తులను తీసుకొని, వాళ్ల ముందట ఒక లెక్క వెట్టి, ఆలోచించేటిదంత పైకి చెప్పుమన్నది. వాళ్లు ఎట్ల ఆలోచిస్తరో గట్ల పట్టుకున్నది. 2001ల ఆమె వ్యాసం అచ్చైంది.

ఆమె వంట ముచ్చటతోనే చెప్తది. ఒక తీరు ఏందంటె, ఏం వండాలో ముందుగాల అనుకొని, లిస్టు రాసి, అన్నీ కొనుక్కొచ్చి వండుడు. మన క్లాసుల చెప్పే ప్రాజెక్టు రిపోర్టు గిదే. ఇంకో తీరు ఏందంటె, ఇంట్ల ఏమున్నదో చూసి, ఉన్నదానితోని వండుడు. అనుభవం ఉన్నోళ్లు ఎక్కువగ గీ రెండో తీరుగ ఆలోచిస్తరని ఆమెకు తేలింది. నేనెవరు, నాకేమొస్తది, నాకెవరు తెలుసు అనేకాడికెళ్లి మొదలువెడతరు. ఎంత లాభమొస్తది అనేదానికంటె, పోతె ఎంతవరకు ఓర్సుకుంటం అనేది ముందుగాల చూస్తరు. ఒక్కరే మొయ్యరు, కలిసొచ్చెటోళ్లను కలుపుకుంటరు. దెబ్బ తాకితె గా దెబ్బలకెళ్లే ఇంకో దారి ఎతుకుతరు.

గిది చదివినప్పుడు నాకు గా చెల్లె వాళ్లమ్మనే యాదికొచ్చింది. ఆమె పొద్దుగాల ఎంత సరుకు ఎత్తాలో నష్టం చూసుకొనే ఎత్తుతది. వానొస్తె టమాట తగ్గిస్తది. మిగిలింది సాయంత్రం కుప్పలేసి సగం ధరకు అమ్ముతది. ఆమె రోజూ చేసే పనినే సారు చిల్లర యాపారమని పక్కకు వెట్టిండు.

ట్రైనింగ్ ఎట్లుండాలె

ఇప్పుడు సార్లకు ట్రైనింగ్‌లు లేవని గాదు. 1983ల అహ్మదాబాద్‌ల పెట్టిన ఈడీఐఐ అసొంటి సంస్థలు సార్లకు నేర్పుతనే ఉన్నయ్. అండ్ల మంచియి గూడ ఉన్నయ్. కని మన కాలేజీల దాక వచ్చేసరికి చానసార్లు ఎఫ్‌డీపీ అంటె బ్యానరు, బొకే, ఉపన్యాసం, ఫొటో, సర్టిఫికెట్. గా సర్టిఫికెట్ ప్రమోషన్‌కు లెక్కకొస్తది. పిల్లగానికి ఏమొచ్చిందో ఎవ్వలు అడగరు. నాకు తోచింది చెప్తున్న.

ఒకటి, సారు అమ్మాలె. ట్రైనింగ్ మొదటి రోజే నలుగురు సార్లకు కలిపి 500 రూపాయలు చేతిల వెట్టి అంగడికి తోలాలె. పొద్దుమీకి లెక్క చెప్పాలె. అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల టీనా సీలిగ్ అనే టీచరమ్మ పిల్లలకు గిసొంటి పనే వెట్టింది. 5 డాలర్లు ఇచ్చి, రెండు గంటలల్ల సంపాయించుకొని రమ్మన్నది. అందరికంటె ఎక్కువ తెచ్చిన జట్టు గా 5 డాలర్లను ముట్టుకోనే లేదు. క్లాసుల వాళ్లు మాట్లాడాల్సిన మూడు నిమిషాల టైమును, పిల్లలను కొలువుకు తీసుకోవాలనుకునే కంపెనీకి 650 డాలర్లకు అమ్ముకున్నరు. స్టాన్‌ఫర్డ్ పిల్లలకున్న పలుకుబడి మన పిల్లలకు లేదు, అది వేరే ముచ్చట. కని "నాయి, సరే" అని సరుకు చేతిల వట్టుకొని పరాయి మనిషి ముందట నిలవడ్డప్పుడు వచ్చే సిగ్గు, భయం సారు ఒక్కసారన్న అనుభవించాలె. అప్పుడే పిల్లగాని భయం ఆయనకు అర్థమైతది.

రెండు, అడుగుడు నేర్వాలె. "మా సరుకు కొంటవా?" అంటె మొకం మీద ఎవ్వలు వద్దనరు. "పోయినసారి ఎప్పుడు కొన్నవు? ఎవరి తాన? ఎంతకు? ఏం నచ్చలే?" అని అడిగితె నిజం బయటవడ్తది. నేను 2011ల పది టెంటుహౌసులల్ల గీ నాలుగు మాటలు అడిగుంటె పుస్తెలతాడు ఇంట్లనే ఉండు.

మూడు, లెక్క. ఊకె ఉదాహరణకు సకినాలు తీసుకుందాం. పది కిలోలకు బియ్యం, నువ్వులు, నూనె కలిపి 1,600. గ్యాస్ 200, కవర్లు 100, ఆటో కిరాయి 200. మొత్తం 2,100. కిలో 300 చొప్పున అమ్మితె 3,000. "900 లాభం" అంటడు పిల్లగాడు. మరి అమ్మ, అక్క దినమంత కూసోని చుట్టిండ్రు గదా, వాళ్ల కూలి 400 చొప్పున 800 ఎవరిస్తరు? మిగిలింది 100. ఒక్క కిలో అమ్ముడువోకపోతె 200 లాసు. ఇంట్ల ఆడోళ్ల కష్టాన్ని లెక్కల రాయకపోతె ప్రతి యాపారం లాభంలనే ఉన్నట్టు కనవడ్తది. గీ లెక్క సారు తన చేతితోని చేసి ఉండాలె.

నాలుగు, పరీక్ష మారాలె. డెఫినిషన్ రాస్తె పది మార్కులు అన్నన్ని దినాలు క్లాసు మారది. పిల్లలు రాసుకున్న అంగడి నోటుబుక్కుకు మార్కులియ్యాలె. నష్టమొచ్చినోడు ఎందుకొచ్చిందో నిజం రాస్తె, లాభమొచ్చినోనితోని సమానంగ ఇయ్యాలె. అట్ల మార్కులేసుడు గూడ సార్లకు ట్రైనింగ్‌లనే నేర్పాలె, అది అల్కటి పని గాదు.

ఐదు, చేసినోళ్లను క్లాసుకు తేవాలె. 2022ల యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఒక దారి తెరిచింది. తన పనిల కనీసం 15 ఏండ్ల అనుభవం, గట్టి పేరు ఉన్నోళ్లు పెద్ద డిగ్రీ లేకున్నా యూనివర్సిటీల చెప్పొచ్చు. ఆలేరు తాన శారాజీపేటల చింతకింది మల్లేశం 6వ తరగతితోని బడి బందువెట్టిండు. ఒక్క చీరెకు ఆసు పొయ్యాలంటె వాళ్లమ్మ లక్ష్మి వేలసార్లు చెయ్యి తిప్పాల్సొచ్చేది. గా నొప్పి సూడలేక ఏండ్లకేండ్లు తిప్పలవడి ఆసు మిషన్ తయారుజేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. గసొంటోళ్లు చెప్తె పిల్లలు ఇంటరు. కని పెద్దమనిషిని పిలిచి శాలువ కప్పి కథ ఇనుడు పాఠం గాదు. "మొదటి మిషన్ ఎందుకు ఫేలైంది? పైసలు ఎక్కడియి? ఎప్పుడు ఇడిసిపెడదామనుకున్నవు?" అని అడిగి, గా జవాబులకెళ్లి పాఠం తీసుడు సారు పని. అది నేర్సుకుంటెనే వస్తది.

ఆరు, ట్రైనింగ్ ఐదు దినాలల్ల అయిపోవద్దు. సార్లు కాలేజీకి తిరిగొచ్చినంక ఏడాది పొడుగునా నెలకోసారి కలిసి, నా క్లాసుల గిది నడిచింది, గిది నడవలే అని చెప్పుకోవాలె.

ఇంకో మాట గూడ అనాలె. యాపారం నేర్పుతున్నం గదా అని సర్కారు కొలువుల బాధ్యత దులుపుకుంటానంటె ఒప్పుకునేది లేదు. హైదరాబాద్‌ల 2015ల టీ-హబ్, 2018ల వీ-హబ్ వచ్చినయ్, మంచిదే. కని తాకట్టుకు గుంట భూమి లేని పిల్లగాడు, పొద్దుమీకినంక బయట తిరగనియ్యని ఆడివిల్ల, బ్యాంకుల సాక్షి సంతకానికి మనిషి దొరకని దళిత కుటుంబం, వీళ్లందరికి "ధైర్యం చెయ్యి" అనే ఒక్క పాఠం సరిపోదు. ఎప్పుడు మొదలువెట్టొద్దో గూడ చెప్పేటోడే అసలు సారు.

తమ్మీ, చెల్లె, మీ కాలేజీల గీ పేపర్ ఉంటె సారుతోని కొట్లాడకుండ్రి. "సార్, ఒక్కనాడు అంగడికి పోదాం, మాతోని మీరు గూడ అమ్ముండ్రి" అని అడుగుండ్రి. నేను గా సారుకు గదే చెప్పొచ్చిన.

పోయిన ఐతారం ఆయన ఫోన్ చేసిండు. "అన్నా, ఆరుగురు పిల్లలతోని అంగడికి పోయిన. కొత్తిమీర, మెంతికూర తీసుకున్నం. 40 రూపాయలు లాసు" అన్నడు. ఎందుకొచ్చింది సార్ అనడిగిన. "మధ్యాహ్నం దాక ధర తగ్గియ్యలే, కూరంత వాడిపోయింది. పక్కకు కూసున్న గా అమ్మాయి వాళ్లమ్మ పొద్దున్నుంచి చెప్తనే ఉన్నది, నేనే ఇనలే."

వచ్చే వారం ఆమెను క్లాసుకు రమ్మని పిలిచిండంట. ఒక పూట బేరం పోతది గదా అని, గా పూట పైసలు ఇచ్చేటట్టు మాట్లాడుకున్నడు.