వేలిముద్ర పక్కన సంతకం

నమ్మకం మీద ముఖచిత్ర కథనం అనగానే మనసు గురించి చెప్పేవాళ్లు ఎందరైనా దొరుకుతారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మాత్రం నమ్మకానికి ఒక పుస్తకం ఉంది. అట్ట నలిగి, అంచులు మడతలు పడి, పసుపు మరకలు అంటిన పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం.

పాత సంఘం పుస్తకాల్లో మొదటి పేజీలే చూడాలి. వరసగా పేర్లుంటాయి. రాసింది చదువుకున్న ఏ పిల్లో, బుక్‌కీపరో. ఎదురుగా నీలిసిరా వేలిముద్రలు. కొన్ని పేజీలు తిప్పాక ఒక ముద్ర ఉండాల్సిన చోట అక్షరాలు మొదలవుతాయి. దీర్ఘం ఒకచోట, ఒత్తు ఇంకోచోట. పేరు తన గడి దాటి పక్కామె గడిలోకి పోతుంది. పెన్ను ఎంత గట్టిగా అదిమిందో కాగితం వెనక తడిమితే వేలికి తగులుతుంది. ఇంకొన్నాళ్లకు అదే పేరు గడిలో ఒదిగి కూర్చుంటుంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, రోజుకు వందల బీడీలు చుట్టే వేళ్లవి. మనిషికి తనమీద తనకు గురి కుదరడం ఇంత తేటగా కనిపించే కాగితం ఇంకోటి దొరకదు.

సంతకం తర్వాత తీర్మానం. ఎవరికి అప్పు, ఎంత, దేనికి. బిడ్డ పెండ్లి, బర్రె, కుట్టుమిషన్, భర్త దుబాయి వీసా. పదిమంది ముందు కారణం చెప్పాలి. ఇంట్లో అత్తకు కూడా చెప్పుకోలేని కష్టం అక్కడ నోరు తెరుస్తుంది. వినేవాళ్లు దాన్ని బజారుకెక్కించరన్న ధైర్యం ఉంటేనే ఆ నోరు పెగులుతుంది.

10 నుంచి 20 మంది ఉండే సంఘానికి 20 లక్షల దాకా బ్యాంకు తాకట్టు అడగదు. పుస్తకాలు అడుగుతుంది. సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, తిరిగి చెల్లింపు, లెక్కలు అనే పంచసూత్రాలు ఆరు నెలలు నడిచాకే తొలి అప్పు. ఖాతాలోంచి డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు. అక్కా, వదినె అని పిలుచుకునేవాళ్లే, అయినా లెక్క లెక్కే. ఆ కచ్చితత్వమే చుట్టరికాన్ని చెడకుండా కాపాడుతోంది.

చరిత్ర క్లుప్తంగా: సంఘం అనే మాట ఈ నేలకు కొత్త కాదు. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీ సంఘాలు దొరలకు ఎదురుగా జగిత్యాల జైత్రయాత్ర చేశాయి. అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పొదుపు సంఘాల దారి వేరు. 1992లో నాబార్డు 500 పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేపట్టింది. 2000లో పేదరిక నిర్మూలన పథకం వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం.

ఒకామె అప్పుకు తోటివాళ్లంతా పూచీ పడే ఈ ఏర్పాటును కళ్లు మూసుకుని మెచ్చుకోలేం. సూక్ష్మరుణ సంస్థలు దాన్నే ఆయుధం చేసుకున్నాయి. వారంవారం కిస్తీ, కట్టలేనామె గడప ముందు తోటి సభ్యులనే కూర్చోబెట్టడం. ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. నమ్మకం పేరుతో సాటి ఆడదాన్ని కాపలా పెట్టడం కన్నా పెద్ద ద్రోహం ఏముంటుంది?

బాక్స్: మగ్గం నుంచి సంఘానికి
పల్లె సంఘాలను సెర్ప్, పట్టణ సంఘాలను మెప్మా చూస్తాయి. సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి 2011లో మొదలైంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరుతో నడిచిన సిరిసిల్ల మరమగ్గాలకు 2025లో మహిళా సంఘాల చీరల పని వచ్చింది.

మగ్గం ఆగినా, గల్ఫ్ నుంచి పైసలు రాకపోయినా ఆ నెల కిస్తీ తప్పుతుంది. హాజరు పట్టీలో ఆ సభ్యురాలి గడి ఖాళీ. అప్పుడు మంచి సంఘం రెండు పనులు చేస్తుంది. ఆ కిస్తీకి గడువు ఇస్తూ తీర్మానం రాస్తుంది. ఆమె ఇంటికి ఎవరెవరు పోయి మాట్లాడి రావాలో కూడా తేల్చుకుంటుంది. కింద అందరూ సంతకాలు పెడతారు. ఆమె గడి మాత్రం అలాగే ఉంచుతారు, వచ్చే సమావేశంలో వచ్చి పెట్టుకోవడానికి.