బీర్స్ జాబితా

అరవై అయిదు దాటినవారికి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టిక ఇది. అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం 1991లో నర్సింగ్ హోముల్లోని వృద్ధుల కోసం మొదలుపెట్టింది. ఇప్పుడు అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సవరిస్తోంది. 2023లో కొత్త కూర్పు వచ్చింది.

ఇందులోని చాలా మందులపై ఉన్న అభియోగం డెలీరియం. అంటే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మనిషి అయోమయంలో పడిపోవడం. పొద్దున బాగానే ఉన్న పెద్దాయన సాయంత్రానికి కొడుకునే గుర్తుపట్టకపోవచ్చు. కొందరు కేకలేస్తారు, కొందరు మగతగా పడి ఉంటారు. ఈ రెండో రకాన్నే ఇంట్లోవాళ్లు ‘వయసు మీదపడింది’ అని వదిలేస్తారు.

నిద్ర కోసం వేసుకునే ఆల్ప్రజోలం, డయాజెపాం సంగతి సరే. జలుబు మాత్రల్లో మామూలుగా కలిపే క్లోర్‌ఫెనిరమిన్ కూడా పట్టికలో ఉందంటే చాలామంది నమ్మరు. జ్ఞాపకానికి, ధ్యాసకు అవసరమైన ఎసిటైల్‌కోలిన్ పనిని అది మెదడులో అడ్డుకుంటుంది. పైగా వయసుతో కాలేయం, మూత్రపిండాలు నెమ్మదిస్తాయి కనుక చాలా మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. ఇలాంటివి కొనబోతే మన మందుల షాపుల్లో డాక్టరు చీటీ అడిగేదెవరు?

అలాగని పేరు కనిపించగానే మానేయకూడదు. ఏళ్ల తరబడి వాడిన నిద్రమాత్ర హఠాత్తుగా ఆపినా డెలీరియం రావచ్చు. డాక్టర్లు మోతాదు మెల్లగా తగ్గించేది అందుకే.