ముందస్తు అరెస్టు

‘చలో అసెంబ్లీ’ పిలుపు వస్తే చాలు, తెల్లారకముందే నాయకుల ఇళ్ల ముందు పోలీసు జీపు ఆగుతుంది. నేరమేదీ జరగలేదు, జరగొచ్చన్న అనుమానమే ఆధారం. పాత నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)లో 151వ సెక్షన్‌గా ఉన్న ఈ ముందస్తు అరెస్టు అధికారం 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 170వ సెక్షన్ అయింది. వారెంటు అక్కర్లేదు. కాకపోతే కాగ్నిజబుల్ నేరానికి (వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరానికి) పథకం వేస్తున్నట్టు పోలీసుకు తెలిసి ఉండాలి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి కనిపించకూడదు. మామూలుగా 24 గంటలు దాటి ఉంచకూడదు.

ధర్నాకు బయల్దేరడం నేరమెలా అవుతుంది? నిరాయుధంగా, శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. ఇక ‘గృహ నిర్బంధం’ ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. అయినా గేటు ముందు కానిస్టేబుళ్లు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ప్రతిపక్షంలో ఉండగా ఈ ముందస్తు నిర్బంధాలను తిట్టిపోసే పార్టీలు గద్దెనెక్కాక వాడుకోవడం మామూలే. నిరసన వేళ దాటాక స్టేషన్‌లో ఉన్నవాళ్లను వదిలేస్తారు. చాలాసార్లు కోర్టులో సవాలు చేయడానికి సరైన కాగితం కూడా చేతికి రాదు.