చెడుగుడు - కబడ్డీ

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో బాలబాలికలు నేలపై గీత గీసి చెడుగుడు ఆడుదురు. కూతకు పోయినవాడు ఊపిరి విడువక ఎదుటివారిని తాకి తన గీతకు మరలి రావలెను. ఈ ఆటయే తమిళనాట సడుగుడు, మహారాష్ట్రమున హుతూతూ, వంగదేశమున హాడుడు. పూర్వము పేర్లవలెనే నియమములును సీమకొక తీరుగ నుండెను. అట్టి స్థితిలో భిన్నప్రాంతములవారు పోటీపడుట దుస్సాధ్యము.

20వ శతాబ్ది పూర్వార్ధమున మహారాష్ట్రమునందు నియమములు కూర్పబడెను. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడెను. పక్షమునకు ఏడుగురు ఆటగాండ్రు, కొలత గల బరి, ఒకే లెక్కింపు దేశమంతట స్థిరపడెను. నియమము కుదిరిన పిమ్మట ఆట ఎల్లలు దాటెను.

1990లో బీజింగు ఆసియా క్రీడలయందు కబడ్డీ పతకపు పోటీ అయ్యెను. స్వర్ణము భారతమునకు దక్కెను. 2010లో స్త్రీల పోటీ చేరెను. 2014 వరకు స్వర్ణములన్నియు భారతమువే. అయితే 2018లో జకార్తాయందు ఇరాను స్త్రీ పురుష జట్లు రెండును స్వర్ణములు గెలిచెను. ఆటకు పుట్టినిల్లే ఓటమి చవిచూచెను!

2023లో హాంగ్‌జౌయందు భారతము రెండు స్వర్ణములను మరల సాధించెను. అందు స్త్రీల తుదిపోటీ 26-25గ, ఒక్క పాయింటు తేడాతో ముగిసెను. లోకమునకు పంచిన విద్యలో గురువునకును నిత్యసాధన తప్పదు.