జేబులో చిల్లర, తెర మీద మెరుపు: మీకు తెలుసా?

పాట రాసేశారు, బాణీ కుదిరింది, పాడే గొంతూ ఇంట్లోనే ఉంది. వీడియో దగ్గరకొచ్చేసరికి 'డబ్బుల్లేవు' అన్న మాట అడ్డం పడుతుంది. డ్రోన్ అద్దె, జిమ్మీ జిబ్ అద్దె, గింబల్ అద్దె అంటూ లెక్కలు మొదలవుతాయి. అవన్నీ తెచ్చి తీసినా రెండో చరణం దాకా చూడబుద్ధి కాని పాటలు యూట్యూబ్‌లో కొల్లలు. మరోపక్క, లోకమంతా గుర్తుపెట్టుకున్న కొన్ని వీడియోల ఖర్చు వింటే నోరెళ్లబెడతాం. వాటన్నిటిలో నాకు కనిపించిన గుణం ఒక్కటే. తీసినవాళ్లు ఒకే ఒక్క ఊహ పట్టుకున్నారు, దాన్ని ఆఖరి ఫ్రేము దాకా వదల్లేదు.

800 డాలర్ల డాన్సు

ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పాట 'ప్రైజ్ యూ' వీడియోకి అయిన ఖర్చు సుమారు 800 డాలర్లేనని చెబుతారు. తీసింది స్పైక్ జోన్జ్. లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్‌లో ఓ సినిమా హాలు ముందు, అనుమతీ గినుమతీ లేకుండా, టేప్ రికార్డర్‌లో పాట పెట్టి ఓ బృందం గంతులు మొదలెట్టింది. కావాలనే వచ్చీరానట్టు ఆడారు. జోన్జ్ తనే ఆ బృంద నాయకుడి వేషం కట్టాడు. మధ్యలో హాలు ఉద్యోగి ఒకాయన వచ్చి పాట ఆపేస్తే, జోన్జ్ వెళ్లి ఆయన్ని వాటేసుకున్నాడు. ఆ ముక్క కూడా వీడియోలో అలాగే ఉంచేశారు. 1999 ఎంటీవీ అవార్డుల్లో దానికి మూడు బహుమతులొచ్చాయి, అందులో ఒకటి ఉత్తమ దర్శకత్వానికి!

మన దగ్గర మాత్రం ఈ సాహసం వద్దు. గోల్కొండ, వరంగల్ కోట, లేపాక్షి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. రైల్వే ప్లాట్‌ఫారానికీ అంతే. ఊరి చెరువుగట్టు మీదైతే పెద్దమనుషులకి ఒక మాట చెబితే చాలావరకు పని అయిపోతుంది.

ఎడిటింగే అక్కర్లేని పాట

2006లో ఓకే గో బృందం నలుగురూ ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద ఆడిన 'హియర్ ఇట్ గోస్ అగైన్' చూసే ఉంటారు. కెమెరా కదలదు, కట్ లేదు, మొత్తం ఒకే షాట్. తీసింది స్టూడియోలో కూడా కాదు. గాయకుడి అక్క ట్రిష్ సీ నాట్యం కూర్చి, తన ఇంట్లోనే దర్శకత్వం వహించింది. మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది. కట్ లేని పాట చవకే కానీ తేలిక కాదు. ఎడిటింగ్‌లో దాచుకునే తప్పులన్నీ రిహార్సల్‌లోనే దిద్దుకోవాలి. డబ్బు బదులు అక్కడ ఖర్చయ్యేది ఒళ్లు.

లిరికల్ వీడియోలకి ముత్తాత

ఇప్పుడు ప్రతి తెలుగు సినిమాకీ ముందు లిరికల్ వీడియో వదులుతారు కదా. 1965లోనే బాబ్ డిలాన్ లండన్ సవాయ్ హోటల్ పక్క సందులో నిలబడి, చేత్తో రాసిన అట్టల్ని ఒక్కొక్కటిగా చూపిస్తూ కింద పడేశాడు. తన పాటలోని మాటలే ఆ అట్టల మీదున్నాయి, కొన్ని కావాలనే తప్పుగా రాసినవి. వెనక ఓ మూల కవి అలెన్ గిన్స్‌బర్గ్ నిలబడి ఉంటాడు. పెన్నెబేకర్ తీసిన డాక్యుమెంటరీకి అదే మొదటి సీను. సరంజామా అంతా కలిపితే అట్టలు, మార్కరు, ఒక సందు.

ముఖం ఉంటే చాలా?

చాలా సందర్భాల్లో చాలు. 1990లో షినేడ్ ఓకానర్ 'నథింగ్ కంపేర్స్ టు యూ' కోసం పారిస్‌లో ఓ తోటలో నడిచే షాట్లు కూడా తీశారు. ఎడిటింగ్‌లో వాటికి దక్కింది కాస్త చోటే. నల్లటి వెనకభాగం ముందు ఆవిడ ముఖమే పాటంతా నిండిపోయింది. చివర్లో జారిన కన్నీరు నటన కాదు. ఆ ఏడాది ఎంటీవీ ఉత్తమ వీడియో అదే. మన ప్రైవేటు పాటల్లో హీరోయిన్ ఆరు చీరలు మారుస్తుంది. ఒక్క చీరలో, ఒక్క గోడ ముందు, పాడుతున్న మనిషి కళ్లలోకి చూసే ధైర్యం మాత్రం చేయరు.

కుర్చీకి రవిశంకర్ సితార్

ఈ పట్టీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ అనే ఆయన ఉండేవాడు. 1949లో కెమెరా జోలికే వెళ్లకుండా, ఫిల్ము మీద నేరుగా రంగులు పూసి, గీతలు గీకి, ఆస్కార్ పీటర్సన్ జాజ్ సంగీతానికి బొమ్మలాడించాడు. 1957లో క్లాడ్ జుత్రాతో కలిసి 'ఎ చెయిరీ టేల్' తీశాడు. కథ ఇంతే: ఒకడు పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చుందామనుకుంటాడు, కుర్చీ కూర్చోనివ్వదు. తప్పించుకుంటుంది, అలుగుతుంది, తోసేస్తుంది. చివరికి, ముందు తనని అతని మీద కూర్చోనియ్యమంటుంది. మాటల్లేవు, సెట్టు లేదు, వెనక ఏమీ లేదు. కుర్చీని కొన్నిచోట్ల కనపడని దారాలతో లాగారు, కొన్నిచోట్ల ఫ్రేముకింత చొప్పున జరుపుతూ తీశారు. సంగీతం సాక్షాత్తూ పండిట్ రవిశంకర్, తబలా చతుర్‌లాల్. చూడండి, అలకలో సితార్ ఎలా నసుగుతుందో!

ఇలా బొమ్మ తర్వాత బొమ్మ తీసి కదిలించే పద్ధతి ఫోన్‌తో ఇంట్లోనే కుదురుతుంది. 2009లో ఓరెన్ లేవీ పాట 'హర్ మార్నింగ్ ఎలిగన్స్' వీడియోని పైనుంచి, ఒక మంచం మీద, 2,096 ఫోటోలతో కూర్చారు. దుప్పటి సముద్రమవుతుంది, తలగడ మేఘమవుతుంది. మీరు సెకనుకి 12 ఫోటోలు వేసుకుంటే నాలుగు నిమిషాల పాటకి 2,880 కావాలి. ఫోన్‌ని స్టాండుకి గట్టిగా బిగించి, ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. కిటికీలు మూసేయండి. మబ్బు ఒకసారి వచ్చిపోయిందంటే తర్వాత తెర మీద గదంతా మినుకుమినుకుమంటుంది.

గొడుగు, చెప్పు, లాంతరు

ఎం.ఎఫ్. హుసేన్ 1967లో ఫిల్మ్స్ డివిజన్ కోసం 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' తీశాడు. రాజస్థాన్ వీధులు, కోటలు, వాటి మధ్య ఓ గొడుగు, ఓ చెప్పు, ఓ లాంతరు. వ్యాఖ్యానం లేదు, కథ లేదు. బెర్లిన్ ఉత్సవంలో లఘుచిత్రాల విభాగంలో గోల్డెన్ బేర్ గెలిచింది. దానికి సంగీతం చేసింది మన తెలుగువాడే, వేణు విద్వాంసుడు ఏల్చూరి విజయరాఘవరావు. ఆర్ట్ వీడియో అంటే పొగ, గ్రాఫిక్సు అనుకునేవాళ్లు ఈ పదిహేను నిమిషాలూ ఓసారి చూడాలి.

తెల్లగుడ్డ విలువ

చవక వీడియో ఎక్కడ పట్టుబడిపోతుందో తెలుసా? ముక్కు నీడ పెదవి మీద పడేచోట. ఎదురుగా ఒక ఫోకస్ లైటు పెట్టి కొడితే పెళ్లి వీడియో వాలకం వచ్చేస్తుంది. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) తీసేటప్పుడు కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. నిజమైన ముంగిట్లో వెలుగు ఆకాశం మొత్తం మీంచి దిగుతుంది కాబట్టి నీడలుండవు. స్టూడియోలో ఆ ఆకాశాన్ని ఎక్కణ్నించి తేవాలి? ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ పరిచి కట్టించి, లైట్లని కిందనుంచి గుడ్డ మీదికి కొట్టించాడు. తిరిగి కిందికి పడిన మెత్తటి వెలుగే ఆకాశమైంది.

ఇప్పటికీ మన షూటింగుల్లో లైట్‌మన్ చంకలో కనిపించే థర్మోకోల్ షీటు చేసేది ఆ పనే. స్టేషనరీ కొట్లో దొరుకుతుంది. నటుణ్ని కిటికీకి పక్కగా నిలబెట్టి, రెండో బుగ్గ వైపు రెండడుగుల దూరంలో ఆ షీటు పట్టుకుని చూడండి. దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. ఆ బుగ్గ మీద నీడ కొంచెం మిగిలినప్పుడే ముఖానికి అందం.

వెలుగుకి వెనకనుంచి కూడా దారి ఉంది. తెల్ల పంచె కట్టి, వెనక దీపం పెట్టి, రామాయణం మొత్తం ఆడించిన తోలుబొమ్మలాట మనదే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. పాట వీడియోకి ఆ తెర ఎంత గొప్పగా సరిపోతుందో! మనవాళ్లు దాన్ని ఇంకా సరిగ్గా వాడుకోలేదనే నా ఫిర్యాదు.

ట్యూబులైటు చారలు ఎందుకొస్తాయి?

హాల్లో ట్యూబులైటు కింద తీసిన వీడియోలో నల్ల చారలు పైనుంచి కిందికి పాకుతుంటాయి. ఫోన్ పాడైందనుకుంటాం. కారణం కరెంటు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు, కాబట్టి ఆ లైట్లు సెకనుకి 100 సార్లు ఎక్కువ తక్కువవుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 ఉంటే ప్రతి ఫ్రేములోకీ పూర్తి విడతలే పడతాయి, చార రాదు. 1/60 పెడితే విడత సగంలో తెగిపోతుంది, చార మొదలవుతుంది. ఆ అంకె అమెరికాకి సరిపోతుంది, వాళ్ల కరెంటు 60 ఆవృత్తులు. ఫోన్‌లో ప్రో మోడ్ తెరిచి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే సరి. కదలికలో కూడా సినిమా నునుపు వస్తుంది. పెళ్లి పందిరి సీరియల్ బల్బులు మాత్రం ఏ లెక్కకీ లొంగవు. ముందు పది సెకన్లు తీసి చూసుకోవాల్సిందే.

స్లో మోషన్‌లో పెదవులు ఎలా కలుస్తాయి?

జుట్టు మెల్లగా ఎగురుతుంటుంది, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. కిటుకేమిటంటే, షూటింగులో పాటని రెట్టింపు వేగంతో వేస్తారు. గాయకుడు గబగబా పాడతాడు, కెమెరా సెకనుకి 50 ఫ్రేములు తీస్తుంది, దాన్ని 25కి సాగదీస్తారు. తీసేటప్పుడు చూస్తే నవ్వొస్తుంది, తెర మీద గంభీరంగా ఉంటుంది. కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ 2002లో 'ది సైంటిస్ట్' కోసం ఇంకో మెట్టెక్కి, పాట మొత్తాన్ని వెనకనుంచి ముందుకి పాడటం నేర్చుకున్నాడు. వీడియో వెనక్కి నడుస్తుంటే అతని పెదవులు మాత్రం ముందుకే పాడతాయి.

ఇంకో చిన్న సంగతి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్పీకరు కెమెరా దగ్గర పెట్టి గాయకుణ్ని 34 మీటర్ల దూరాన నిలబెడితే పాట అతనికి సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. దూరపు షాట్లలో పెదవి తప్పినట్టు అనిపిస్తే గాయకుణ్ని తిట్టకండి, ఎడిటింగ్‌లో రెండు మూడు ఫ్రేములు జరపండి.

చక్రాల కుర్చీ, ఉచిత డీఐ

ట్రాలీ అద్దెకి డబ్బులేక ఫ్రెంచి దర్శకుడు గొడార్ తన 'బ్రెత్‌లెస్' (1960) కోసం ఛాయాగ్రాహకుడు రౌల్ కుతార్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తనే తోశాడు. రంగులు దిద్దే, అంటే డీఐ చేసే, డావిన్చీ రిజాల్వ్ యంత్రానికి ఒకప్పుడు లక్షల డాలర్లు పోయాలి. దాని ఉచిత వెర్షన్ ఇప్పుడు ఎవరైనా దింపుకోవచ్చు. 2025లో ఉత్తమ యానిమేషన్ ఆస్కార్ గెలిచిన లాత్వియా దర్శకుడి 'ఫ్లో' తయారైంది బ్లెండర్‌లో, అదీ ఉచితమే. కాబట్టి 'సాఫ్ట్‌వేర్ లేదు' అన్న సాకు చెల్లదు.

అన్నమయ్య పాటకి హక్కులా?

డబ్బు నిజంగా పోయేది హక్కుల దగ్గర. అమెరికా చిత్రకారిణి నీనా పేలీ మన సీతమ్మ కథని 'సీతా సింగ్స్ ద బ్లూస్' (2008) పేరుతో ఇంట్లో కంప్యూటర్ మీద దాదాపు ఒంటరిగా గీసింది. వాడిన పాటలు 1920ల నాటివి. అయినా ఆ రచనల హక్కుదారులు మొదట అడిగింది సుమారు 2,20,000 డాలర్లు. బేరమాడి 50,000 దాకా దించి, అప్పు చేసి కట్టింది. ఆ తర్వాత సినిమాని లోకానికి ఉచితంగా వదిలేసింది.

మన చట్టం ప్రకారం రచనకీ బాణీకీ హక్కులు కర్త పోయాక 60 ఏళ్లు ఉంటాయి, రికార్డింగుకి విడుదలైన 60 ఏళ్ల దాకా. త్యాగరాజు 1847లో పోయారు, ఆయన కృతిని మీరు పాడి మీ వీడియోలో పెట్టుకోవచ్చు. ఎవరో పాడిన క్యాసెట్టుని వాడుకోవడం వేరే సంగతి. అన్నమయ్య దగ్గర ఇంకో మెలిక ఉంది. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి కానీ స్వరాలు దొరకలేదు. ఇవాళ మనం వింటున్న బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి వారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి 1979లో, నేదునూరి 2014లో పోయారు. మాట అన్నమయ్యదే, బాణీ మాత్రం ఇంకా ఆ పెద్దలదే. అదే కీర్తనకి మీ బాణీ మీరు కట్టుకుంటే ఏ చిక్కూ లేదు.

స్నేహితుడే కదా రాసింది, చెల్లెలే కదా పాడింది అని నోటిమాటతో సరిపెట్టుకోకండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. కాగితంలో గడువు రాయకపోతే అది అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. యూట్యూబ్‌లో పెట్టిన పాటని డాలస్‌లో, దుబాయ్‌లో కూడా చూస్తారు. అప్‌లోడ్ నొక్కేముందు 'ఎంతకాలం, ఎక్కడెక్కడ' అన్న రెండు మాటలూ ఆ కాగితంలో రాయించుకోండి.